తప్పయిందని చెప్పడానికి 11 రోజులు

మాది కాజీపేట దగ్గర ఫాతిమానగర్. రెండు గదులు, వంటిల్లు, పైన డాబా. పట్టాలు దగ్గరే. ఇంట్లో ఎవరైనా మాట్లాడుతుంటే రైలొస్తుంది. మధ్యలో ఆగి, అది పోయాక అదే మాటను మళ్లీ అందుకోవడం మా అందరికీ అలవాటు. 2020 మార్చి 22 తర్వాత అలా ఆగాల్సిన పని తగ్గిపోయింది. గూడ్సులు తప్ప ఇంకేవీ నడవలేదు.

జనతా కర్ఫ్యూ నాడు సాయంత్రం 5 గంటలకు నలుగురం డాబా ఎక్కి చప్పట్లు కొట్టాం. మా చిన్నది రెండో తరగతి. స్టీలు పళ్లెం సొట్టపోయేదాకా గంటెతో వాయించింది. మా వాడు మాత్రం పిట్టగోడకు ఆనుకుని నిలబడ్డాడు. పదిహేనేళ్ల పిలగాడు చప్పట్లు కొట్టమంటే కొడతాడా. ఆ రాత్రికే 31 దాకా అంతా బంద్ అన్నారు. వారం, పది రోజులే కదా అనుకున్నా. ఇంకా నయం, ఉగాది పచ్చడి ఇంట్లో కూర్చుని తినొచ్చు అని నవ్వాను కూడా.

వాడికి అంతకు మూడు రోజుల ముందే పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. 19, 20 తేదీల్లో తెలుగు, 21న హిందీ. హైకోర్టు చెప్పడంతో మిగతావి ఆగిపోయాయి. 11 పేపర్లలో 3 రాశాడు, 8 మిగిలాయి. సోమవారం ఇంగ్లీషు రాయాల్సినవాడు ప్యాడు క్లిప్పుకు హాల్ టికెట్టు పెట్టి, రెండు పెన్నులు రబ్బరు బ్యాండుతో కట్టి, టీవీ మీది అరలో పెట్టాడు. జూన్ దాకా అది అక్కడే ఉంది. దుమ్ము తుడిచేటప్పుడు మా ఆవిడ ఎత్తి, తుడిచి, మళ్లీ అక్కడే పెట్టేది.

నేను పెళ్లి ఫొటోగ్రాఫర్‌ని. మాకు సీజన్ శ్రీరామనవమి తర్వాతే. ఆ ఏడు నవమి ఏప్రిల్ 2న వచ్చింది. భద్రాచలంలో రాములవారి కల్యాణమే భక్తులు లేకుండా జరిగింది, ఇక మన పెళ్లిళ్లు ఎంత. నా డైరీలో ఏప్రిల్, మే కలిపి 9 పెళ్లిళ్లు, రెండు ఓణీల ఫంక్షన్లు రాసి ఉన్నాయి. అన్నింటికీ అడ్వాన్సులు తీసుకున్నాను. ఆ డబ్బు స్టూడియో కిరాయికి, జనవరిలో కొన్న కెమెరా మొదటి కిస్తీలకు పోయింది. మూడు నెలలు కిస్తీ కట్టకపోయినా ఏం కాదని రిజర్వు బ్యాంకు చెప్పినట్టు టీవీలో విన్నాను. ఫైనాన్స్ వాళ్లకు ఫోన్ చేస్తే, కట్టకుంటే మీ ఇష్టం, వడ్డీ మాత్రం నడుస్తుంది అన్నారు. ఆ మాట మా వాడికి వినబడిందని నాకు అప్పుడు తెలియదు. రెండు గదుల ఇంట్లో వినబడనిది ఏముంటుంది.

ముఖ్యమంత్రి ప్రెస్‌మీట్ అంటే ఇంట్లో అందరం టీవీ ముందు చేరేవాళ్లం. ఆయన కొత్త తేదీ చెప్పినప్పుడల్లా నేను డైరీ తెరిచి, ఆ తేదీ లోపు ఉన్న పెళ్లిళ్ల మీద గీత గీసేవాణ్ని. ముందు ఏప్రిల్ 30 దాకా అన్నారు, నాలుగు పోయాయి. మా వాడు కూడా ఆ ప్రెస్‌మీట్లే చూసేవాడు, పరీక్షల మాట వస్తుందేమోనని. ఇద్దరం ఒకే టీవీ ముందు కూర్చుని, ఎవరి గీతలు వాళ్లం గీసుకుంటున్నామని నాకు తట్టలేదు.

నిజానికి పదిహేనేళ్లలో నేను వాడితో వరుసగా రెండు రోజులు ఇంట్లో ఉన్నది తక్కువ. సీజన్‌లో అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరతాను. వాడు పొద్దున 7కే స్కూలుకు పోతాడు. అన్‌సీజన్‌లో ఆల్బం పనులు. ఎప్పుడైనా మాటామాటా వస్తే వాడు ట్యూషన్‌కు పోయేవాడు, నేను స్టూడియోకు పోయేవాణ్ని. సాయంత్రానికి ఎందుకు అరుచుకున్నామో ఇద్దరికీ గుర్తుండేది కాదు. మా బాపుతో నాకున్నంత భయం వాడికి నాతో లేదు, మాకు బాగానే పడుతుంది అని నలుగురిలో చెప్పుకునేవాణ్ని. ఒకే చోట ఉండకపోబట్టే పడిందని లాక్‌డౌన్‌లో తెలిసింది.

ఇంట్లో అందరికీ తలా ఒక చోటు ఏర్పడింది. మా ఆవిడది కిటికీ కింద కుట్టుమిషను, చిన్నదానిది మంచం కింద. నాది తలుపు పక్క కుర్చీ. వాడిది వంటింటి గడప. అక్కడ సిగ్నల్ బాగా అందుతుంది. ఫోన్ వాళ్లమ్మది. పొద్దంతా గేమే. ‘రివైవ్ చెయ్‌రా, రివైవ్ చెయ్’ అని ఎవరితోనో అరుస్తుండేవాడు. పుస్తకం తియ్యమంటే, ‘పరీక్షలు ఉంటయో లేవో తెల్వకుంట ఏం చదవాలె డాడీ’ అనేవాడు. ఉంటే అప్పుడు ఏడుస్తవు అనేవాణ్ని. రోజుకు నాలుగుసార్లు ఇదే సంభాషణ. ఎవరికీ కొత్త మాట దొరికేది కాదు.

రేషన్ బియ్యం మనిషికి 12 కిలోలు ఇచ్చారు. నలుగురికి 48 కిలోలు. లైన్లో గజానికో సున్నపు గుండ్రం గీసి నిలబెట్టారు. నా ముందు గుండ్రంలో మే 3 పెళ్లి పిల్ల తండ్రి ఉన్నాడు. ఇద్దరం మాస్కులు కట్టుకున్నా గుర్తుపట్టుకున్నాం. ఆయన తల తిప్పుకున్నాడు, నేనూ తిప్పుకున్నాను. ఆయనకు అడ్వాన్సు ఎట్లా అడగాలో తెలియదు. నాకు లేదని ఎట్లా చెప్పాలో తెలియదు. ఆ మధ్యాహ్నం ఆ బస్తా మెట్లెక్కిస్తూ వాణ్ని ఒక చెయ్యి వెయ్యమన్నాను. వస్తున్నా అన్నాడు, రాలేదు. గేము మధ్యలో ఆపడానికి కుదరదట.

ఏప్రిల్ 19, ఆదివారం రాత్రి. మే 7 దాకా పొడిగింపు అన్నారు. నేను డైరీ తీశాను. 26న అక్షయ తృతీయ, ఆ రోజు పెళ్లి నా సీజన్‌లోనే పెద్దది. దాని మీద అప్పటికే గీత ఉంది, ఇప్పుడు మే 3 మీద గీశాను. అప్పుడే రేషన్ లైన్లో చూసిన పెద్దాయన ఫోన్ చేశాడు. ‘తమ్మీ, ఏమనుకోకు, పదిహేను వేలు వాపస్ ఇస్తే మాకు ఆసరైతది’ అన్నాడు. మర్యాదగానే అడిగాడు. ఆ మర్యాదే నన్ను ఎక్కువ పొడిచింది. సరే పెద్దనాయినా, చూస్తా అంటుండగా గడప మీది నుంచి వాడు గట్టిగా నవ్వాడు. గేములో ఎవడో చచ్చాడు, అందుకు నవ్వాడు.

లేచి, ఫోన్ గుంజి, రెండు దెబ్బలు కొట్టాను. ఫోన్ నా చేతిలోంచి జారిందా, నేనే విసిరానా, ఈ రోజుకీ సరిగ్గా చెప్పలేను. మా ఆవిడ మాత్రం విసిరినవ్ అంటుంది. గ్యాస్ పొయ్యి గద్దె అంచుకు తగిలి పైభాగం పగిలింది.

వాడు ఏడవలేదు. నా వైపు చూసి, లోపలి గదిలోకి పోయి పడుకున్నాడు. తలుపు వేసుకోవడానికి కూడా లేదు, ఆ గదికి తలుపు లేదు, పరదానే. మా చిన్నది మంచం కింద నుంచి బయటికి రాలేదు. పక్క వాటాలో టీవీ చప్పుడు తగ్గింది. వింటున్నారన్నమాట.

వేరే రోజుల్లో అయితే నేను బండి తీసి స్టూడియోకు పోయేవాణ్ని, వాడు దోస్తుల దగ్గరికి పోయేవాడు. ఇప్పుడు అలిగి పోదామంటే బయట పోలీసు. నేను తలుపు పక్క కుర్చీలో, వాడు పరదా అవతల. మధ్యలో ఏడడుగులు ఉంటాయేమో.

మరునాటి నుంచి వాడు నాతో మాట్లాడలేదు. ఎదురు చెప్పలేదు, చెప్పిన పని చేశాడు, అన్నం పెడితే తిన్నాడు. పుస్తకం కూడా తీశాడు. నేను కోరుకున్నదంతా జరిగింది. ఆ నాలుగైదు రోజులు ఇంట్లో ఉండలేకపోయాను.

పగిలిన ఫోన్ పనిచేసేది గానీ స్క్రీన్ పైన రెండు వేళ్ల మందాన తాకితే పలికేది కాదు. రిపేరు షాపులు బంద్. మా ఆవిడ అప్పటికే చుట్టుపక్కలవాళ్లకు మాస్కులు కుడుతోంది, జాకెట్ల లైనింగు గుడ్డతో, ఒకటి 10 రూపాయలు. ఆర్డర్లన్నీ ఆ ఫోన్‌కే వచ్చేవి. ఫోన్ ఎత్తాలంటే దాన్ని తలకిందులు చేసి, స్క్రీన్ తిరిగాక కింది నుంచి నొక్కాలి. ఆ కిటుకు కనిపెట్టింది మా వాడే. ఫోన్ మోగినప్పుడల్లా వాడొచ్చి, తలకిందులు చేసి, ఎత్తి, వాళ్లమ్మకు ఇచ్చి పోయేవాడు. రోజుకు పది, పదిహేనుసార్లు నా ముందే. వాడు నన్ను సాధించడానికి చేయలేదు. నాకు మాత్రం అట్లాగే ఉండేది.

తప్పు నాదని రెండో రోజే తెలుసు. చెప్పడం తెలియదు. మా బాపు నన్ను చాలాసార్లు కొట్టాడు. ఒకసారి ఎడ్లకు కుడితి పెట్టడం మరిచిపోయానని ములుగర్రతో కొట్టాడు. మరునాడు పొద్దున అంగట్లో బత్తాయిలు కొనిచ్చాడు. బత్తాయి అంటే క్షమాపణ అని నాకు అర్థమయ్యేది. అందుకని నేనూ అదే మొదలుపెట్టాను. పొద్దున సడలింపు ఉన్నప్పుడు పోయి మామిడిపండ్లు తెచ్చాను. కోసి పెడితే వాడు తన వాటా చెల్లెలికి ఇచ్చాడు. చికెన్ తెచ్చాను. తిన్నాడు. తిని లేచాడు. ‘అన్నను బుక్కులు ఏమన్న కావాల్నా అడుగు’ అని చిన్నదానితో చెప్పి పంపాను. అది పరదా దాటి పోయి, తిరిగొచ్చి, ‘అన్న ఏం వద్దన్నడు’ అంది. దానికి ఈ రాయబారం భలే నచ్చింది. ఇంకా ఏమైనా అడగమంటావా అని నా చుట్టూ తిరిగేది.

వారం గడిచాక ధైర్యం చేసి పక్కన కూర్చున్నాను. ‘చూడు బిడ్డా, ఆ రోజు కొట్టుడు తప్పే. గానీ నువ్వు కూడా పొద్దంత ఆ ఫోన్ పట్టుకుంటే ఎట్ల చెప్పు’ అన్నాను. వాడు పూర్తిగా విన్నాడు. విని, సరే డాడీ అన్నాడు. వారంలో నాతో అన్న మొదటి మాట అది. లేచి నీళ్లు తాగి, మళ్లీ రాలేదు. పని అయిపోయిందనుకుని మా ఆవిడ దగ్గర గొప్పగా చెప్పాను.

ఆమె మిషను తొక్కడం ఆపకుండానే అంది, ‘తప్పయిందంటివి, మంచిగనే ఉన్నది. మల్ల గానీ అంటవేంది? ఆ గానీ కాడ్నే మొత్తం కొట్టుకపోయింది.’

నాకు కోపం వచ్చింది. పిలగాడి తప్పు అసలే లేదా అన్నాను. ‘ఉన్నది. అది ఇంకో రోజు చెప్పు. రెండు ఒక్కటే రోజు చెప్తే రెండోదే ఇనబడతది’ అంది. పదో తరగతి ఫెయిలయిన మనిషి. ఆ తర్వాత రెండు రోజులు కుర్చీలో కూర్చుని, నోట్లోనే ఆ వాక్యాన్ని గానీ లేకుండా చెప్పుకుని చూశాను. రాదు. తప్పయింది అనగానే నాలుక దానంతట అదే ‘గానీ’ వైపు పోతుంది. ‘అయినా’ అంటుంది, ‘నీ మంచి కోసమే’ అంటుంది. వందల పెళ్లిళ్లలో, అమ్మా కొంచెం ఇటు జరగండి, అన్నా నవ్వండి అని ముక్కూమొహం తెలియనివాళ్లను ఒప్పించిన నోరు ఇది.

ఏప్రిల్ చివరికి వరంగల్‌లో ఎండలు ముదిరాయి. రాత్రిళ్లు డాబా మీద పడుకోవడం మొదలుపెట్టాం. సాయంత్రం నీళ్లు చల్లి, చాపలు పరిచి, వరుసగా పడుకునేవాళ్లం. ఆ చివర మా ఆవిడ, చిన్నది, ఈ చివర వాడు, నేను. నెలాఖరు రాత్రి, ఏప్రిల్ 30. ఆడవాళ్లిద్దరూ నిద్రపోయారు. వాడు నిద్రపోలేదని కాళ్ల కదలికను బట్టి తెలుస్తోంది. చీకట్లో మొహం కనబడదు కాబట్టి కొంచెం తేలికనిపించింది. ఆకాశం వైపు చూస్తూనే అన్నాను, ‘ఆ రోజు నిన్ను కొట్టిన గదా. తప్పు నాదే.’

సరిగ్గా అప్పుడే గూడ్సు వచ్చింది. ఎన్ని డబ్బాలో, అయిపోదు. కాజీపేట దగ్గర పడుతున్నట్టుంది, నెమ్మదిగా లాగుతోంది. నేను ఆపకుండా ‘తప్పయింది’ అనేసి నోరు మూసుకున్నాను. గూడ్సు పోయింది. వాడి వైపు నుంచి చప్పుడు లేదు. వినబడలేదేమో. పదకొండు రోజుల పని గూడ్సు పాలయింది. మళ్లీ చెప్పాలా? వినే ఉంటాడు, చాలులే అనుకున్నాను. మళ్లీ, విని ఉండకపోతే అనిపించింది. ఎంతసేపు పడిందో గానీ చివరికి లేచి కూర్చున్నాను.

‘ఇనబడ్డదా?’ అన్నాను.

‘ఏంది డాడీ?’

‘ఆ రోజు కొట్టిన. తప్పు నాదే. తప్పయింది.’ అంతటితో పళ్లు బిగించి ఆగాను.

వాడు ‘ఊ’ అన్నాడు. కాసేపటికి, ‘డాడీ, పరీక్షలు ఉంటయా?’ అన్నాడు.

నిజంగా తెల్వదు బిడ్డా అన్నాను. అదే మాట నెల రోజులుగా వాడంటుంటే నేను తిడుతున్నాను. నేనన్నాక వాడి గొంతు మారింది. మార్చి దాకా తెల్లవారుజామున 4 గంటలకు లేచి లెక్కలు చేశాడట. ఇప్పుడు పుస్తకం తెరిస్తే ఒక్కటీ గుర్తుకు రావట్లేదట. మరిచిపోయినట్టు తెలియకుండా ఉండాలంటే పుస్తకం తెరవకుండా ఉండటమే మంచిదని ఫోన్ పట్టుకున్నాడట. అది బద్ధకమని నేను ఖాయం చేసుకున్నాను. కిస్తీ సంగతి కూడా వాడే ఎత్తాడు. ‘కెమెరా తీస్కపోతరా?’ అని అడిగాడు. తీస్కపోరు అన్నాను. అది కూడా నాకు నిజంగా తెలియదు. అయినా కొన్నింటికి తెల్వదు అనలేం.

మరునాడు కేంద్రం జాబితాలో వరంగల్ అర్బన్ రెడ్ జోన్ అని వచ్చింది. ఇంకా బిగించారు. ఇంట్లో మాత్రం కొంచెం గాలి ఆడింది. అంతా మంచిగైపోయింది అనను. నేను మళ్లీ అరిచాను. మేలో ఒకసారి చిన్నదాని మీద, రెండుసార్లు వాడి మీద. తేడా ఏమిటంటే అరిచిన గంటలోపే నోట్లో ‘తప్పయింది’ కదలడం మొదలయ్యేది. మొదటిది పదకొండు రోజులు పట్టింది. తర్వాతది ఒక రాత్రి పట్టింది.

మాస్కుల గిరాకీ పెరిగి మా ఆవిడకు చేతులు చాలలేదు. ఊళ్లో ఎలాస్టిక్ దొరకలేదు. గుడ్డతోనే నాడాలు కుట్టేవాళ్లం. కటింగు నాది, నాడాలు తిరగేయడం వాడిది. సన్నగా కుట్టిన గుడ్డ గొట్టాన్ని పిన్నీసు పెట్టి లోపలి నుంచి తిరగేయాలి, ఓపిక పని. చేతులు పని మీద, కళ్లు పని మీద ఉంటే మాటలు బాగా వస్తాయని అప్పుడు చూశాను. ఎదురెదురు కూర్చుని ‘మాట్లాడుకుందాం రా’ అంటే వాడు బిగుసుకుపోతాడు. ఎవరి పిన్నీసు వాళ్లు లాగుతుంటే బళ్లో సంగతులన్నీ చెప్పాడు. ఇంట్లో ఆ నెల సంపాదించింది మా ఆవిడ ఒక్కతే. అది మింగడం నాకు ఇంకో కథ, ఇక్కడ వద్దు. మే 3 పెద్దాయనకు మొదటి మూడు వేలు ఆ మాస్కుల డబ్బులే.

జూన్ 8 నుంచి పరీక్షలు అన్నారు. వాడు మళ్లీ 4 గంటలకు లేవడం మొదలుపెట్టాడు. హైదరాబాద్ ప్రాంతం వదిలేసి మిగతా చోట్ల పెట్టుకోవచ్చని 6న కోర్టు అంది. 8న ముఖ్యమంత్రి అందరూ పాస్ అన్నారు. 5 లక్షల 34 వేల మంది పిల్లలు, బడిలో పెట్టిన ఇంటర్నల్ మార్కులతోనే గ్రేడ్లు. చుట్టుపక్కల పిల్లలు కేకలేశారు. వాడు లేచి టీవీ మీది అరలోంచి ప్యాడు తీసి, క్లిప్పులోంచి హాల్ టికెట్టు విప్పి, మడిచి సంచిలో పెట్టాడు. రబ్బరు బ్యాండు ఎండకు పెళుసెక్కి తెగిపోయింది. ‘ఇంటర్నల్స్‌ల ప్రాజెక్టులు సక్కగ రాయలే డాడీ. అసలు పరీక్షకే దాచుకున్న’ అన్నాడు. ముందే చెప్పిన గదరా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. డాబా మీదికి పోయి, ఒక చుట్టు తిరిగి దిగాను.

జూన్ మధ్యలో, ఆషాఢం రాకముందే ఒక పెళ్లి వచ్చింది. నర్సంపేట అవతల పల్లె. 50 మందికి మించకూడదు కాబట్టి ఇంటి ముందు పందిట్లోనే. ఇచ్చేది పదో వంతు, అయినా పోయాను. అసిస్టెంటుకు ఇచ్చుకునే స్తోమత లేదు, వాణ్నే తీసుకుపోయాను. లైటు పట్టుకోవడం పొద్దున గంటలో నేర్పాను. తలంబ్రాల టైములో అందరూ మాస్కులు కిందికి లాగారు, పెళ్లి పిల్లగాడు నవ్వాడు, పిల్ల ఏడ్చింది, మా వాడి చెయ్యి వణికి లైటు ఆమె మొహం మీద నుంచి తప్పింది. రెండు ఫ్రేములు చీకటయ్యాయి. వెనక్కి తిరిగి వాణ్ని చూశాను. వాడు నన్ను చూశాడు. మూడో ఫ్రేముకు లైటు సరిగ్గా పడింది.

రాత్రి 9కి కర్ఫ్యూ కాబట్టి పొద్దు గుంకకముందే బయల్దేరాం. కెమెరా బ్యాగు ముందర ట్యాంకు మీద, లైటు స్టాండు భుజానికేసుకుని వాడు వెనక. వరంగల్ ఇంకా చాలా దూరం ఉండగా చెవి దగ్గరికి వంగి ఏదో అన్నాడు. గాలికి వినబడలేదు. బండి స్లో చేశాను.

‘ఏందిరా?’

‘డాబ మీద గా రోజు రాత్రి, గూడ్స్ వొయ్యేటప్పుడు నువ్వన్నవ్ గదా డాడీ’ అన్నాడు. ‘అది గుడ ఇనబడ్డది నాకు.’